మూడో నంబరు కాయిల్

జూన్ మొదటి ఆదివారం ఉదయం పదీ ఇరవైకి, రాస్‌డఫ్ తీరం రోడ్డు మీద నర్సు కీలిన్ గార్వీ ఎర్ర కారు మిస్సింగ్ కొట్టి, ఫీక్రా మోరన్ ఇంటి గేటు ముందు ఆగింది.

అప్పుడు వాన పడుతోంది. ఐర్లండ్‌లో, మేయో జిల్లాలో అది వార్త కాదు.

ఆ గేటు ముందు ఆగడం వార్త. చర్చిలో ప్రార్థన ముగించుకుని ఇళ్ళకు వెళ్ళే కార్లన్నీ ఆ రోడ్డు మీదుగానే వెళ్ళాలి. రాస్‌డఫ్‌లో మనిషిని కారును బట్టి గుర్తుపడతారు. కారు ఎవరి వాకిట్లో ఉంటే మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టు. బానెట్ ఎత్తి ఉందో మూసి ఉందో కూడా చూస్తారు. ఎత్తి ఉంటే రిపేరు. మూసి ఉంటే వేరే సంగతి.

ఇక్కడ ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగ్ మీంచి చూపుడు వేలు ఎత్తడం మర్యాద. తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ ఒక వేలే. బంధువులకీ, గడ్డి కోతకు సాయం వచ్చినవాళ్ళకీ అరచెయ్యి మొత్తం ఎత్తుతారు. ఏదీ ఎత్తకపోతే ఇద్దరి మధ్య గొడవ ఉన్నట్టు.

ఫీక్రాకు ముప్పై ఒకటి. సముద్రం వెనక్కి పోయినప్పుడు తీరంలో ఆయిస్టర్ గుల్లల సంచులు తిరగేయడం అతని పని. ఫిబ్రవరి నుంచి రోజూ పొద్దున కీలిన్ కారు అతనికి ఎదురవుతోంది. అతను వేలు ఎత్తుతాడు. ఆమె వేలు ఎత్తుతుంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

కీలిన్ లిమెరిక్ అమ్మాయి. ఇక్కడి నర్సు ప్రసూతి సెలవులో ఉంటే ఆమె స్థానంలో వచ్చింది. నెలాఖరుకు వెళ్ళిపోతుంది. ఈలోగా ఫీక్రా ఆమెకు ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో వాళ్ళమ్మ ఫిలొమీనాకు తెలుసు. పక్కింటి ఆంబ్రోస్ లావెల్‌కు తెలుసు. కీలిన్‌కు తెలియదు.

అతను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె బానెట్ ఎత్తి ఇంజిన్ మీదకు వంగి ఉంది. వాన నీళ్ళు ఆమె జుట్టు మీంచి కాలర్లోకి పోతున్నాయి.

"ప్లగ్గులు చూడాలండి," అన్నాడు ఫీక్రా.

"ముందు గుడ్ మార్నింగ్ అంటారు."

"గుడ్ మార్నింగ్. ప్లగ్గులు చూడాలండి."

"ప్లగ్గులు కావు. కాయిల్ పోయింది."

"విప్పకుండా ఎలా చెప్తారు?"

"ప్లగ్గులు చలికాలంలో మార్చాను. నేనే మార్చాను."

"మీరే?"

"మా ఇంట్లో నలుగురు అన్నయ్యలు. పానా పట్టుకోవడం నాకొక్కదానికే వచ్చు. మీరేమిటి, చూస్తూ నిలబడతారా, గేటు తీస్తారా?"

అతను గేటు తీశాడు. కారు దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

ఫీక్రా షెడ్డులోంచి ఆయిస్టర్ సంచులు కప్పే టార్పాలిన్ తెచ్చాడు. కట్టడానికి గుంజ లేదు. ఇంజిన్ మీద వాన పడకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేమైనా పెళ్ళి పందిరా? కిందకి దించండి, జల్లు లోపలికి కొడుతోంది," అంది కీలిన్.

"దించితే నా తల మీకు తగులుతుంది."

"తగిలితే తగలనీయండి. నీళ్ళు మాత్రం తగలకూడదు."

అతను దించాడు. టార్పాలిన్ కింద ఇద్దరూ, ఇంజినూ. సముద్రపు నాచు వాసన, పెట్రోల్ వాసన.

"పదో నంబరు పానా ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"అదే తెలియదు."

"ప్రపంచంలో ఎవరికీ తెలియదు లెండి. తొమ్మిది ఉంటుంది, పదకొండు ఉంటుంది. పదో నంబరు సముద్రంలో పడినట్టు మాయమవుతుంది."

అది కిటికీ గట్టు మీద, ఫిలొమీనా పూలకుండీ కింద దొరికింది. కుండీ వంగకుండా ఆవిడే పెట్టింది.

కీలిన్ ప్లాస్టిక్ మూత తీసింది. కింద నాలుగు కాయిల్స్ వరసగా ఉన్నాయి, ఒక్కో సిలిండర్ నెత్తిన ఒకటి. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది అదే. ఒకటి చచ్చిపోతే మిగిలిన మూడూ బండిని మోస్తాయి, కుంటుకుంటూ.

"ఏది పోయిందో ఎలా పట్టుకుంటారు? మిషన్ తెచ్చారా?" అన్నాడు ఫీక్రా.

"మిషన్ ఎందుకు? పేషెంటుని అడిగినట్టే అడగాలి. ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందా, ఇక్కడ నొక్కితే ఉందా అని."

ఆమె ఇంజిన్ ఆపి మొదటి కాయిల్ వైరు ఊడదీసింది. "స్టార్ట్ చెయ్యండి," అంది. అతను టార్పాలిన్‌ను బానెట్ మీదుగా ఆమె తల మీదికి వదిలి, వెళ్ళి చేశాడు. కారు ఇంకా ఎక్కువ ఊగింది.

"బాధపడింది. అంటే ఇది పనిచేస్తోంది. ఆపండి."

రెండోదానికీ అలాగే ఊగింది. మూడోది ఊడదీసి స్టార్ట్ చేస్తే తేడా ఏమీ రాలేదు.

"దీనికి నొప్పి తెలియడం లేదు," అంది కీలిన్. "పోయినవాడు వీడే."

"లోపల ప్లగ్గు పోయి ఉండొచ్చుగా?"

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. టార్పాలిన్ కింద తిప్పడానికి ఎక్కువ చోటు లేదు.

"మీకు ప్లగ్గులంటే ఏమైనా ప్రత్యేకమైన అభిమానమా?"

"అడిగానంతే."

"సరే, అదీ చూద్దాం." ఆమె జేబులోంచి పెన్ను తీసి, మూడో కాయిల్ నెత్తిన 3 అని రాసింది. బోల్టు విప్పి, కాయిల్‌ను కొంచెం తిప్పి పైకి లాగింది. దాన్ని మొదటి సిలిండర్లో పెట్టి, మొదటిదాన్ని మూడులో పెట్టింది. మళ్ళీ స్టార్ట్ చేసి, ఆపి, వైరు తీసి, స్టార్ట్ చేసి చూశారు. ఈసారి మొదటి సిలిండర్ చచ్చి ఉంది. జబ్బు కాయిల్‌తోపాటే నడిచి వచ్చింది. పక్కకు తిప్పి చూస్తే కాయిల్ ఒంటి మీద వెంట్రుకంత పగులు కనిపించింది.

ఫీక్రా మళ్ళీ టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నాడు. చలికి ఎర్రబడిన ఆ వేళ్ళు బోల్టును ఎంతవరకు బిగించాలో అంతవరకే బిగించి ఆగడం అతను చూశాడు. ఆ ఆగడం గురించి అతను తర్వాత ఆంబ్రోస్‌కు చెప్పాడు. ఆంబ్రోస్‌కు అర్థం కాలేదు.

"ఇప్పుడు కొత్త కాయిల్ కావాలి," అంది కీలిన్. "ఇవాళ ఆదివారం. రేపు సెలవు. కాసిల్‌బార్‌లో షాపు మంగళవారం దాకా తెరవరు. రేపు నాకు ఏడిళ్ళు ఉన్నాయి. డెలియా రడీ గారికి కాలి పుండు కట్టు మార్చాలి. అది ఒక్కరోజు తప్పితే చీము పడుతుంది."

"షెడ్డులో స్పేర్ ఉండాలి," అన్నాడు ఫీక్రా.

"ఈ మోడల్‌దా?"

"నాదీ ఇదే మోడల్. మీది ఎరుపు, నాది బూడిద రంగు. మీరు లోపలికెళ్ళి టీ తాగండి, నేను వెతికి తెస్తా."

షెడ్డులో స్పేర్ లేదు. షెడ్డులో ఉన్నది అతని కారు.

వానకు బానెట్ మూసి కీలిన్ లోపలికి వెళ్ళింది. ఫిలొమీనా అప్పటికే గుమ్మంలో ఉంది.

"టీ తాగుతావామ్మా?"

"వద్దండీ."

"కొంచెం తాగు."

"పర్లేదండీ, తాగే వచ్చాను."

"నీళ్ళు పెట్టేశాను."

"అయితే కొంచెం ఇవ్వండి."

రెండుసార్లు కాదని మూడోసారి ఒప్పుకోవడం ఇక్కడి పద్ధతి. లిమెరిక్‌లోనూ అంతే. ఫిలొమీనా సోడా బ్రెడ్ కోసి, వెన్న రాసి, ఎదురుగా కూర్చుంది.

"లిమెరిక్‌లో నీ కోసం ఎవరైనా ఎదురు చూస్తున్నారా?"

"మా అమ్మ."

"అమ్మ కాకుండా?"

"పళ్ళ డాక్టరు. వెనక పన్ను ఒకటి తీయించుకోవాలి."

"పెళ్ళయినవాడా?"

"అరవై ఏళ్ళండీ ఆయనకి."

"అయితే ఫర్వాలేదు," అంది ఫిలొమీనా.

వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. షెడ్డు తలుపు తెరిచి ఉంది. కొడుకు తన కారు బానెట్ ఎత్తి ఏం చేస్తున్నాడో ఆవిడ చూసింది. కీలిన్ కిటికీ వైపు తిరగబోతే ఆవిడ కుర్చీ జరిపి అడ్డంగా కూర్చుంది. రెండో కప్పు పోసింది.

ఫీక్రా వచ్చి కాయిల్ ఇచ్చాడు. కీలిన్ దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"వెచ్చగా ఉందేమిటి?"

అతను ఆ పొద్దున తీరానికి వెళ్ళి వచ్చి అప్పటికి ఎంతోసేపు కాలేదు. ఇంజిన్ ఇంకా చల్లారలేదు.

"జేబులో పెట్టుకొచ్చా," అన్నాడు. "తడవకుండా."

ఆమె కాయిల్ బిగించి, వైరు తగిలించి, స్టార్ట్ చేసింది. ఇంజిన్ నాలుగు సిలిండర్ల మీద నడిచింది. పాత కాయిల్ కోసం చూస్తే అది అతని చేతిలో ఉంది.

"పారేస్తా లెండి," అన్నాడు.

"మీది మీకు తిరిగి ఇచ్చేస్తాను. కొత్తది తెప్పించి."

"అవసరం లేదండి."

"ఉంది. నేను ఎవరి కాయిల్ ఉంచుకోను."

గేటు దాటేటప్పుడు ఆమె స్టీరింగ్ మీంచి చెయ్యి ఎత్తింది. వేలు కాదు, అరచెయ్యి మొత్తం. ఈ సంగతికి ఇద్దరు సాక్షులున్నారు. ఒకరు ఫిలొమీనా. రెండోవాడు రోడ్డు అవతల గడ్డి చూస్తున్నట్టు నిలబడ్డ ఆంబ్రోస్.

ఫీక్రా షెడ్డులోకి వెళ్ళి, పగిలిన కాయిల్‌ను తన ఇంజిన్లో మూడో కన్నంలో పెట్టాడు.

మంగళవారం ఇద్దరూ వేరు వేరుగా కాసిల్‌బార్ షాపుకు ఫోన్ చేసి కాయిల్ ఆర్డర్ ఇచ్చారు. అది పాత మోడల్. డబ్లిన్ నుంచి రావాలి. కీలిన్‌కు వచ్చింది సరైనదే. ఫీక్రాకు వచ్చింది వేరే రకం, వైరు దూరలేదు. మళ్ళీ పంపుతామని షాపువాళ్ళు చెప్పారు.

పౌర్ణమి దగ్గరపడుతోంది. ఆ రోజుల్లో సముద్రం బాగా వెనక్కి పోతుంది, పని ఆపడానికి ఉండదు. ఫీక్రా మూడు సిలిండర్ల మీదే తీరానికి వెళ్ళి వచ్చాడు. బూడిద రంగు కారు చప్పుడు అర మైలు దూరం నుంచి వినబడేది. ఆ చప్పుడు కీలిన్ చెవిన పడితే ఆమెకు కారణం చెప్పనక్కరలేదు. కాబట్టి అతను తీరం రోడ్డు మానేసి, చిత్తడి నేలల మీదుగా చుట్టు దారి పట్టాడు. ఎర్ర కారు దూరంగా కనిపిస్తే ఏ పొలం గేటు దొరికితే అందులోకి తిప్పేవాడు.

ఎదురైతే వేలు ఎత్తాలి కదా. ఎదురు కాకపోతే ఆ ఇబ్బంది లేదని అతను అనుకున్నాడు.

కీలిన్ అలా అనుకోలేదు. డబ్లిన్ నుంచి వచ్చిన కాయిల్ డబ్బా ఆమె పక్క సీట్లో ఉంది. ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇచ్చేద్దామని పెట్టుకుంది. రెండుసార్లు అతని ఇంటికి వెళ్ళింది. రెండుసార్లూ ఫిలొమీనా, "ఇప్పుడే వెళ్ళాడమ్మా, టీ తాగుతావా?" అంది. అతనికి ఇవ్వమని డబ్బా చాపితే, "నాకెందుకమ్మా, వాడికే ఇవ్వు," అంది.

డెలియా రడీకి ఎనభై రెండేళ్ళు. కాలు స్టూలు మీద చాపుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. రోడ్డు మీద ఏది పోయినా ఆవిడకు తెలుస్తుంది.

"అమ్మాయ్, నీకూ ఫీక్రాకీ గొడవా?"

"ఏం గొడవ? కాలు కదపకండి."

"నిన్న మలుపులో నీ కారు కనపడిందో లేదో, బండి తీసుకొచ్చి నా బంగాళదుంప మడిలోకి తిప్పాడు. రెండు వరసలు పోయాయి."

"ఆయనిష్టం."

"ఊళ్ళో ఏమంటున్నారో విన్నావా?"

"వినలేదు."

"విన్నావు."

"విన్నాను," అంది కీలిన్.

"ఆ ఆదివారం నీ కారు వాళ్ళ వాకిట్లో చాలాసేపు ఉందట."

"బానెట్ ఎత్తి ఉంది."

"కొంతసేపు ఎత్తి ఉంది. తర్వాత మూసి ఉంది."

"వానకి మూశాం."

"అంతేలే, వాన కదా," అంది డెలియా. "అప్పటినుంచి ఆంబ్రోస్ నీకు ఎన్ని వేళ్ళు ఎత్తుతున్నాడు?"

"ఐదు."

"చూశావా మరి."

కీలిన్ కట్టు చుట్టడం ఆపింది. "ఊరంతా ఐదు వేళ్ళు ఎత్తుతోంది. ఆయన ఒక్కటి కూడా ఎత్తడం లేదు. ఈ మాటలు విని సిగ్గుపడి తప్పించుకు తిరుగుతున్నాడు. ఇంకెన్ని రోజులు, నెలాఖరుకి నేనే వెళ్ళిపోతాగా. అప్పుడు హాయిగా రోడ్డు మీద తిరుగుతాడు."

"కోపం వచ్చిందా?"

"నాకెందుకు కోపం?"

"కట్టు బిగుసుకుపోయింది తల్లీ. కాస్త వదులు చెయ్యి."

నెల మధ్యలో ఒక బుధవారం సాయంత్రం తీరం రోడ్డు మీద ఇద్దరూ ఎదురయ్యారు. చుట్టు దారిలో మట్టి జారి రోడ్డు మూసేయడంతో ఫీక్రాకు తీరం రోడ్డు తప్పలేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క రాతి గోడ. పొలం గేట్లు లేవు. రెండు కార్లు పక్కపక్కన ఒరుసుకుంటూ వెళ్ళేంత వెడల్పు ఉంది. ఫీక్రా వెనక ఆంబ్రోస్ ట్రాక్టర్ గడ్డి వేసుకుని వస్తోంది.

కీలిన్ కారు ఆపి అద్దం దించింది. ఎదుటి బండి అద్దం దించాక ఆగకుండా వెళ్ళేవాళ్ళు రాస్‌డఫ్‌లో లేరు. ఫీక్రా ఆగాడు. తన అద్దం దించి, ఇంజిన్ ఆపబోయాడు.

"ఆపకండి," అంది కీలిన్.

"పెట్రోల్ దండగ కదండీ."

"ఆపకండి అన్నాను." ఆమె తన ఇంజిన్ ఆపేసింది. బూడిద కారు కుదుపులతో నడుస్తోంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది. ఆమె తల కొంచెం వంచి విన్నది, రోగి ఛాతీ విన్నట్టు.

"మూడే నడుస్తున్నాయి," అంది.

"వానకి తడిసి ఉంటుంది."

"వాన ఎక్కడుంది?"

"ఇవాళ వాన లేదురా ఫీక్రా," అన్నాడు వెనకనుంచి ఆంబ్రోస్. అతను ట్రాక్టర్ ఆపేసి, శాండ్‌విచ్ పొట్లం విప్పుతున్నాడు. హారన్ కొట్టడం ఇక్కడ లేదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనకవాళ్ళు ఆగుతారు.

కీలిన్ బూడిద కారు బానెట్ వైపు చూసింది, తర్వాత తన కారు బానెట్ వైపు.

"ఆ రోజు ఆ కాయిల్ వెచ్చగా ఉంది," అంది.

ఫీక్రా గేరు రాడ్ మీద దుమ్ము తుడిచాడు.

"జేబులో పెట్టుకొచ్చానన్నావు. గుడ్డా అది, పొదగడానికి? నీ బండిలోంచి పీకి ఇచ్చావు. అవునా?"

"మీకు మర్నాడు ఏడిళ్ళున్నాయన్నారు."

"నీకు పని లేదా?"

"మూడింటి మీద నడుస్తోందిగా. మెల్లిగా."

"మెల్లిగానా? ఆ సిలిండర్లో మండని పెట్రోల్ అంతా సైలెన్సర్లోకి పోయి, పొగ శుభ్రం చేసే కన్వర్టర్ కాలిపోతుంది. ఇన్నాళ్ళ నుంచి ఇలా నడుపుతున్నావా? బుద్ధుందా నీకు?"

"ఆ సిలిండర్‌కి పెట్రోల్ పోకుండా ఇంజెక్టర్ వైరు తీసేశా."

"బుద్ధుందట," అన్నాడు ఆంబ్రోస్.

"మీరు శాండ్‌విచ్ తినండి ఆంబ్రోస్ గారూ." ఆమె ఫీక్రా వైపు తిరిగింది. "అందుకేనా తప్పించుకు తిరుగుతున్నావు? ఈ చప్పుడు నాకు వినబడుతుందని?"

"అవును."

"ఊళ్ళో మాటలకి కాదా?"

"ఏ మాటలు?"

ఆంబ్రోస్‌కు దగ్గొచ్చింది.

కీలిన్ పక్క సీట్లోంచి డబ్బా తీసి అతనికి చూపించింది. "పది రోజులుగా ఇది నాతో ఊరంతా తిరుగుతోంది. పేషెంట్లందరికీ దీని పేరు తెలుసు. ఇంటికి పద."

"నేనే బిగించుకుంటా, ఇలా ఇవ్వు."

"ఇవ్వను. పద."

అతను ముందుకు కదిలాక, ట్రాక్టర్ ముందున్న సందులో ఆమె కారు ముందుకీ వెనక్కీ తిప్పుకుని వెనకే వచ్చింది. ఆమె వెనక ట్రాక్టర్ వచ్చింది. ఆంబ్రోస్ ఇల్లు ముందే వస్తుంది. అతను అక్కడ ఆగలేదు.

ఫీక్రా వాకిట్లో కారు ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజిన్ చల్లారేదాకా ఇద్దరూ గోడ మీద కూర్చున్నారు. ఫిలొమీనా టీ తెచ్చింది. కీలిన్ ఒక్కసారి కూడా కాదనకుండా తీసుకుంది. ఫిలొమీనా ఆ సంగతి గమనించి, రెండో మాట లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. వంటింటి కిటికీ తెరిచింది.

"పదో నంబరు," అంది కీలిన్, ఇంజిన్ మీదకు వంగి.

అతను వెతకలేదు. జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ ఆదివారం నుంచి అది అక్కడే ఉంది.

ఆమె బ్యాటరీ వైరు విప్పింది. మూత తీసింది. మూడో కాయిల్ బోల్టు విప్పి, తిప్పి, పైకి లాగింది. దాని నెత్తిన నీలం సిరాతో 3 అని ఉంది.

"ఇది నేను రాసిన అంకె," అంది.

"అవును."

"పారేస్తానన్నావు."

"పారేయబుద్ధి కాలేదు. ఆ కన్నంలో ఏదో ఒకటి పెట్టాలి కూడా. నీళ్ళు పోతాయి."

"ఈ రెండిట్లో అసలు కారణం ఏది?"

ఫీక్రా సముద్రం వైపు చూశాడు. "మొదటిది."

ఆమె కొత్త కాయిల్ డబ్బా విప్పి, లోపల రబ్బరు గొట్టం సరిగ్గా ఉందో లేదో చూసింది. తొందరపడలేదు.

"ఎందుకిచ్చావు?" అంది. "మంగళవారం దాకా నీ కారు నాకు ఇచ్చినా సరిపోయేదిగా."

"కారు ఇస్తానంటే నువ్వు తీసుకోవు. కాయిలైతే తీసుకుంటావు అనుకున్నా." అతను ఆగాడు. "నెలాఖరుకి వెళ్ళిపోతావు కదా. ఉన్నన్నాళ్ళైనా నీ బండి ఎక్కడా ఆగకూడదనిపించింది."

కీలిన్ తల ఎత్తింది. బుగ్గ మీద నల్లటి గ్రీజు గీత.

"నా బండి ఆగకపోతే నేను వెళ్ళిపోతాను కదయ్యా పిచ్చోడా."

ఫీక్రా ఆలోచించాడు.

"అది తట్టలేదు," అన్నాడు.

"ఇప్పుడు తట్టిందా?"

"తట్టింది."

"అయితే?"

వంటింటి కిటికీలో గిన్నెల చప్పుడు ఆగింది. గేటు అవతల ట్రాక్టర్ చప్పుడు కూడా లేదు.

"వెళ్ళకు," అన్నాడు ఫీక్రా.

ఫిబ్రవరి నుంచి చెప్పాలనుకుంటున్న మాట అదే. ఇంకా పొడుగ్గా ఉంటుందని ఫిలొమీనా అనుకుంది. ఆవిడ తర్వాత ఆ మాటే అంది.

కీలిన్ కాయిల్ లోపలికి దింపింది. టక్కుమని కూర్చునేదాకా నొక్కింది. బోల్టు ఎంతవరకు బిగించాలో అంతవరకే బిగించి ఆగింది. వైరు తగిలించింది. ఇంజెక్టర్ వైరు తగిలించింది. బ్యాటరీ వైరు తగిలించింది.

"స్టార్ట్ చెయ్యి," అంది.

అతను చేశాడు. బూడిద కారు నాలుగు సిలిండర్ల మీద నడిచింది. చప్పుడు దాదాపు లేదు. ఇంజిన్ ఆపాక కూడా ఇద్దరూ కొంతసేపు వింటూనే ఉన్నారు.

"సెలవులో ఉన్న నర్సుకి ఇక సగం రోజులే పని కావాలట," అంది కీలిన్ చేతులు తుడుచుకుంటూ. "మిగతా సగం చేస్తావా అని ఆఫీసువాళ్ళు నన్నడిగారు. శుక్రవారం లోపు చెప్పాలి."

"ఎప్పుడడిగారు?"

"పోయిన వారం. కాదని చెప్దామనుకున్నా. రోడ్డు మీద ఒక్క వేలు కూడా ఎత్తనివాడి ఊళ్ళో ఎందుకుండాలి అనిపించింది."

"ఇప్పుడు?"

"శుక్రవారం లోపు ఆలోచించుకుంటా. పాత కాయిల్ ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"నాది కదా."

అతను ఇవ్వలేదు. జేబులో పెట్టుకున్నాడు. ఆమె రెండోసారి అడగలేదు. కిటికీలోంచి ఫిలొమీనా గొంతు వినిపించింది. "ఒరేయ్ ఫీక్రా, ఆ పిల్ల బుగ్గ మీద గ్రీజు తుడవరా. దాంతోనే ఇంటికి పంపిస్తావా?"

అతను చొక్కా చేతితో తుడవబోయాడు. చొక్కాకు అంతకంటే ఎక్కువ గ్రీజు ఉంది. గీత పెద్దదయింది.

"ఆలోచించుకున్నా," అంది కీలిన్.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె కాసిల్‌బార్ ఆఫీసుకు ఫోన్ చేసింది. డెలియా రడీ ఇంట్లోంచి, ఆవిడ కాలికి కట్టు చుడుతూ చేసింది. కట్టు బిగుసుకోలేదని డెలియా చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అయిపోయి కార్లు తీరం రోడ్డు మీదుగా వచ్చేసరికి, ఫీక్రా మోరన్ వాకిట్లో ఎర్ర కారు, బూడిద కారు పక్కపక్కన ఉన్నాయి. వాన లేదు. రెండు బానెట్లూ మూసి ఉన్నాయి.